ఎత్తు ఎక్కేటప్పుడు ఆగిపోయే బగ్గీ: 48 వోల్టుల గోల్ఫ్ కార్ట్‌లో ఒక విద్యుత్ లోపాన్ని పట్టుకున్న తీరు

హైదరాబాద్ శివార్లలోని ఒక రిసార్టులో అతిథులను, వాళ్ల సామాన్లను రిసెప్షన్ నుంచి కాటేజీల దాకా చేరవేయడానికి ఏడు గోల్ఫ్ కార్ట్‌లు ఉన్నాయి. అక్కడి సిబ్బంది వాటిని బగ్గీలంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. వాటిలో నాలుగో నంబరు బండి గురించి మే నెల మొదట్లో నాకు ఫోన్ వచ్చింది. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు కూర్చునే బండి అది. సీటు కింద ఆరు 8 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు సిరీస్‌లో కలిసి 48 వోల్టులిస్తాయి. ఒక్కొక్కదాని సామర్థ్యం 20 గంటల్లో ఖాళీ చేసే లెక్కన 170 ఆంపియర్ అవర్లు. మోటారు ఆర్మేచర్‌కూ (తిరిగే భాగం) ఫీల్డ్‌కూ (కదలని అయస్కాంత చుట్ట) వేర్వేరుగా కరెంటు అందుకునే డీసీ రకం. దానికీ బ్యాటరీలకూ మధ్య ఒక సోలెనాయిడ్ (పెద్ద కరెంటుకు దారి కలిపే విద్యుదయస్కాంత స్విచ్), మోటారుకు ఎంత కరెంటు పోవాలో చూసుకునే ఒక ఎలక్ట్రానిక్ కంట్రోలర్ ఉంటాయి.

ఫిర్యాదును డ్రైవర్ మాటల్లోనే రాసుకున్నాను: "పొద్దున బానే నడుస్తది సార్. నాలుగైదు ట్రిప్పులు కొట్టినంక, మనుషులను ఎక్కించుకొని కాటేజీల దిక్కు ఎక్కిస్తుంటే సగంలో టక్కుమని ఆగిపోతది. తాళం తీసి ఐదు నిమిషాలు ఆగి పెడితే మళ్లా లేస్తది." ఈ మూడు వాక్యాల్లో నిర్ధారణకు కావలసిన సమాచారం దాదాపు అంతా ఉంది. కొన్ని ట్రిప్పుల తరువాతనే, బరువు ఉన్నప్పుడే, ఎత్తు మీదనే ఆగుతుంది. కాసేపు విశ్రాంతి ఇస్తే కోలుకుంటుంది. అయినా మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఆ మాటలకు ఇవ్వవలసినంత విలువ ఇవ్వలేదు, దాని సంగతి తరువాత చెబుతాను.

నాకంటే ముందు ఇద్దరు మెకానిక్‌లు ఈ బండిని చూశారు. మొదటివారు సోలెనాయిడ్ మార్చారు. లోపం అలాగే ఉండటంతో రెండో వారు కంట్రోలర్‌నే మార్చారు, ఈ బండిలో బ్యాటరీల సెట్టు తరువాత అన్నింటికన్నా ఖరీదైన భాగం అదే. కొత్త కంట్రోలర్ వేసిన తరువాత పరిస్థితి మరింత దిగజారిందని మేనేజర్ చెప్పారు: పాత కంట్రోలర్ ఉన్నప్పుడు బండి ఎత్తు మీద బాగా నెమ్మదించి, పాకుతూ అయినా పైకి చేరేదట, కొత్తది వేశాక ఉన్నపళంగా ఆగిపోతోంది. కొత్త భాగం వేస్తే లోపం తగ్గకపోగా పెరిగిందంటే కొత్త భాగం కూడా చెడ్డదే అయి ఉంటుందని వాళ్లు అనుకున్నారు. అది వేరే విషయాన్ని సూచిస్తోందని నాకు తరువాత అర్థమైంది.

మొదటి రోజు, నా పొరపాటు

మొదటి రోజు ఉదయం పది గంటలకు వెళ్లాను. ఛార్జర్ తీసి నాలుగు గంటలు దాటింది. మొత్తం బ్యాటరీల వోల్టేజ్ చూస్తే 50.28 వచ్చింది. ఆరు 8 వోల్టుల బ్యాటరీలు పూర్తిగా నిండి, విశ్రాంతిలో ఉన్నప్పుడు 50.9 దగ్గర ఉండాలి, 50.28 అంటే కొంచెం తక్కువే గానీ అనుమానించవలసినంత కాదని సరిపెట్టుకున్నాను. విడివిడిగా ఆరింటినీ చూడకుండా ముందుకు వెళ్లడం నా మొదటి పొరపాటు.

బండిని రిసెప్షన్ ముందున్న చదును రోడ్డు మీద ఒక్కణ్నే నడిపాను. ఇరవై నిమిషాల్లో ఒకసారి ఆగింది, అదీ పెడల్ మీద కాలు కదిపినప్పుడు. పెడల్ పెట్టెలో ఉండే మైక్రోస్విచ్ నొక్కుడులో తేడా కనిపించింది. తీసి చూస్తే లోపల దుమ్ము, తుప్పు. దాన్ని మార్చి, మరో అరగంట అదే చదును మీద నడిపి, ఆగకపోవడంతో పని అయిపోయిందని చెప్పి వచ్చేశాను. ఆ మైక్రోస్విచ్ నిజంగానే అరిగిపోయింది, దాన్ని మార్చడంలో తప్పు లేదు. అయితే డ్రైవర్ చెప్పిన లోపం అది కాదు. ఎత్తు మీద, నలుగురితో, నాలుగైదు ట్రిప్పుల తరువాత కనిపించే లోపాన్ని నేను చదును మీద, ఒంటరిగా, చల్లని పూట వెతికాను. రెండు రోజులకు మళ్లీ ఫోన్ వచ్చింది.

కొందరు ఇలాంటి బండిని జాకీ మీద ఎత్తి, చక్రాలను గాలిలో తిప్పి, బాగుందని తేల్చేస్తారు. గాలిలో తిరిగే మోటారు తీసుకునే కరెంటు చాలా తక్కువ. సోలెనాయిడ్ పడుతోందా, ముందుకూ వెనక్కూ తిరుగుతోందా అని చూడటానికే ఆ పరీక్ష పనికివస్తుంది. ఈ బండిని కాటేజీల ఎత్తు మీద క్లాంప్ మీటరుతో కొలిచినప్పుడు బ్యాటరీల నుంచి 150 ఆంపియర్లు పోయాయి. నూట యాభై ఆంపియర్ల దగ్గర బయటపడే లోపాన్ని గాలిలో చక్రాలు తిప్పి పట్టుకోలేము.

కంట్రోలర్ చెప్పిన మాట

రెండోసారి మధ్యాహ్నం వెళ్లాను. అప్పటికే ఐదారు ట్రిప్పులు తిరిగిన బండిలో ముగ్గురు సిబ్బందినీ, రెండు పెద్ద సూట్‌కేసులనూ ఎక్కించి డ్రైవర్‌తో ఎత్తు ఎక్కించాను. ఆ దారి పది మీటర్లకు ఒక మీటరు చొప్పున, సుమారు 120 మీటర్ల పొడవున ఎక్కుతుంది. మూడింట రెండు వంతులు వెళ్లాక బండి ఆగింది.

ఆగిన వెంటనే తాళం తీయవద్దని డ్రైవర్‌కు ముందే చెప్పి ఉంచాను, ఎందుకంటే తాళం తీస్తే కంట్రోలర్ జ్ఞాపకం పెట్టుకున్న లోపం చెరిగిపోతుంది. కంట్రోలర్ మీది చిన్న ఎర్ర దీపం కొన్నిసార్లు మెరిసి, ఆగి, మళ్లీ అదే లెక్కన మెరుస్తోంది. ఆ లెక్కను తయారీదారు ఇచ్చిన పుస్తకంతో సరిచూస్తే "బ్యాటరీ వోల్టేజ్ తక్కువ" అని తేలింది. ఈ సంకేతాన్ని రెండో మెకానిక్ కూడా చూశారట. కానీ బండి ఆగిన తరువాత ఆయన మీటరు పెడితే 48.5 వోల్టులు కనిపించాయి. బ్యాటరీల్లో 48 ఉండగా కంట్రోలర్ తక్కువ ఉందంటోంది కాబట్టి కంట్రోలరే తప్పు చెబుతోందని ఆయన నిర్ణయించారు. పనిగట్టుకుని నేను కూడా అప్పుడు కొలిచి చూశాను, నాకూ 48.5 వచ్చింది.

ఇక్కడ గమనించవలసింది, బండి ఆగిన క్షణానికీ మీటరు పెట్టిన క్షణానికీ మధ్య ఉన్న తేడా. బండి ఆగగానే 150 ఆంపియర్ల బరువు, అంటే విద్యుత్ లోడు, బ్యాటరీల మీద నుంచి దిగిపోయింది. దిగగానే వోల్టేజ్ పైకి లేస్తుంది. అలసిపోయిన బ్యాటరీ కూడా బరువు లేనప్పుడు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. కంట్రోలర్ చూసింది బరువు ఉన్నప్పటి వోల్టేజ్, మెకానిక్ చూసింది బరువు దిగాక ఉన్న వోల్టేజ్, రెండూ నిజమే. కంట్రోలర్ అమరికలు చదివే చేతి యంత్రాన్ని తగిలించి చూస్తే, కొత్త కంట్రోలర్ 38 వోల్టుల దగ్గర మోటారును ఆపేసేలా అమర్చి ఉంది. ఒక్కో 8 వోల్టుల బ్యాటరీలో నాలుగు సెల్‌లుంటాయి, ఒక సెల్‌కు సుమారు 1.6 వోల్టుల చొప్పున 24 సెల్‌లకు సరిపోయే అంకె అది. లెడ్ యాసిడ్ బ్యాటరీలను మరీ పిండకుండా కాపాడటానికి సబబైన హద్దే. పాత కంట్రోలర్ వోల్టేజ్ పడిపోయే కొద్దీ కరెంటును తగ్గించుకుంటూ బండిని పాకించేది, కొత్తది హద్దు రాగానే ఆపేస్తోంది. అంటే రెండు కంట్రోలర్లూ తమ పని తాము చేశాయి. అవి ఎదుర్కొన్న కష్టం ఒకటే.

ఆగిన బండిలో తాళం తీసి పెట్టగానే సోలెనాయిడ్ టక్కుమని పడుతోంది. దీన్నిబట్టి తాళం, టో-రన్ స్విచ్ (బండిని లాక్కెళ్లేటప్పుడు కంట్రోలర్‌ను ఆపి ఉంచేది), పెడల్ మైక్రోస్విచ్, సోలెనాయిడ్ కాయిల్ ఉండే సన్న తీగల సర్క్యూట్ బాగానే ఉందని తేలుతుంది. ఇక వెతకవలసింది లావు తీగల దారిలోనే: బ్యాటరీలు, వాటిని కలిపే కేబుళ్లు, సోలెనాయిడ్ లోపలి కాంటాక్టులు, కంట్రోలర్ టెర్మినళ్లు.

నడుస్తుండగా కొలవడం

బండి ఎత్తు ఎక్కుతున్నప్పుడే కొలవాలంటే మీటర్లు బండిలోనే ప్రయాణించాలి. మూడు మల్టీమీటర్లకు పొడవైన తీగలు కట్టి, సీటు కింద నుంచి బయటికి తెచ్చి, డ్యాష్‌బోర్డు మీద వరసగా టేపుతో అంటించాను. బ్యాటరీకి తగిలించే ప్రతి కొలత తీగకూ బ్యాటరీ దగ్గరే ఒక ఆంపియర్ ఫ్యూజు పెట్టాను. ఇది అనవసరపు చాదస్తంలా కనిపించవచ్చు గానీ, కుదుపుల్లో ఆ సన్న తీగ ఇన్సులేషన్ ఊడి ఛాసిస్‌కో మరో టెర్మినల్‌కో తగిలితే, వేల ఆంపియర్లు ఇవ్వగల బ్యాటరీ ఆ తీగను క్షణంలో మంటగా మార్చేస్తుంది. మూడు అంకెలూ ఒకేసారి చదవడం సాధ్యం కాదు కాబట్టి ఫోన్‌తో వీడియో తీసి, తరువాత ఆగిన క్షణం దగ్గర నిలిపి చదువుకున్నాను.

మొదటి పరుగులో ఒక మీటరు 1, 2, 3 బ్యాటరీల మీద, రెండోది 4, 5, 6 మీద, మూడోది కంట్రోలర్ ప్రధాన టెర్మినళ్ల మీద పెట్టాను. పాజిటివ్ కొస నుంచి నెగటివ్ కొసకు ఒకటి నుంచి ఆరు వరకు నంబర్లు వేసుకున్నాను. ఆగే ముందు క్షణంలో మొదటి సగం 22.9 వోల్టులు, రెండో సగం 17.2, కంట్రోలర్ దగ్గర 37.8 చూపించాయి. ఈ మూడు అంకెలతో కథ సగం విడిపోయింది. రెండు సగాలూ సమానంగా ఉండవలసింది పోయి రెండోది ఐదున్నర వోల్టులకు పైగా వెనకబడింది. అది ఒక లోపం. రెండు సగాలూ కలిపితే 40.1 కావాలి, కంట్రోలర్‌కు చేరింది 37.8. దారిలో 2.3 వోల్టులు పోయాయి. అది వేరే లోపం. ఏ ఒక్క లోపం ఉన్నా బండి 38 వోల్టుల హద్దును దాటకుండా ఎలాగోలా గట్టెక్కేది, రెండూ కలిసేసరికి ఆగిపోతోంది.

అరగంట విశ్రాంతి ఇచ్చి, రెండు ట్రిప్పులు తిప్పి, రెండో పరుగులో మూడు మీటర్లనూ 4, 5, 6 బ్యాటరీల మీద విడివిడిగా పెట్టాను. నాలుగోది 7.6, ఐదోది 6.5, ఆరోది 3.1. ఎనిమిది వోల్టుల బ్యాటరీ బరువు మీద మూడుకు పడిపోయిందంటే దానిలో కనీసం ఒక సెల్ శక్తి ఇవ్వడం మానేసి, మిగతా సెల్‌ల కరెంటు వల్ల దాని ధ్రువాలు తలకిందులవుతున్నాయని అర్థం.

అప్పుడు, మొదటి రోజు చేయవలసిన పని, రెండో రోజు సాయంత్రం మొదలుపెట్టాను. రాత్రంతా ఛార్జ్ చేయించి, మర్నాడు పొద్దున ఆరింటి వోల్టేజ్‌నూ విడివిడిగా రాసుకున్నాను: 8.50, 8.48, 8.51, 8.47, 8.18, 8.14. కూడితే 50.28, అంటే మొదటి రోజు నేను చూసి సరిపెట్టుకున్న అదే అంకె. మొదటి నాలుగూ నిండుగా ఉండి, చివరి రెండింటి లేమిని కూడికలో దాచిపెట్టాయి. హైడ్రోమీటరుతో గ్రావిటీ (యాసిడ్ సాంద్రత నీటికంటే ఎన్ని రెట్లో చెప్పే అంకె, బ్యాటరీ నిండే కొద్దీ పెరుగుతుంది) చూస్తే మొదటి నాలుగింట్లో 1.275 నుంచి 1.280 దాకా ఉంది. ఐదో దానిలో 1.200, ఆరో దానిలో మూడు సెల్‌లు 1.205 దగ్గర, ఒక సెల్ 1.150. ఇవి యాసిడ్ వేడిని లెక్కలోకి తీసుకుని సరిచేసిన అంకెలు. మే నెలలో యాసిడ్ 38 డిగ్రీలుంటే హైడ్రోమీటరు చూపిన దానికి 0.008 కలుపుకోవాలి, 27 డిగ్రీల దగ్గరే అది ఉన్నదున్నట్టు చెబుతుంది. మన దగ్గర ఇన్వర్టర్ బ్యాటరీలు చూసే మెకానిక్‌లు 1250 (అంటే 1.250) గ్రావిటీ వస్తే నిండిందని అలవాటుగా అనేస్తారు. బండిని నడిపే ఇలాంటి ట్రాక్షన్ బ్యాటరీలకు ఆ లెక్క సరిపోదు, ఇవి నిండితే 1.277 ప్రాంతానికి చేరాలి.

పోయిన 2.3 వోల్టులు

కేబుళ్ల దారిలో పోయిన వోల్టేజ్‌ను పట్టుకోవడానికి మూడో పరుగు. దీన్ని ఓమ్‌ల పరీక్షతో, అంటే మీటరుతో నేరుగా నిరోధం కొలిచి, పట్టుకోలేము, చాలామంది అక్కడే మోసపోతారు. 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ 40 సెంటీమీటర్ల ముక్కకు ఉండే నిరోధం ఓమ్‌లో మూడు వేల మూడు వందలో వంతు కన్నా తక్కువ, సుమారు 0.3 మిల్లీఓమ్. మామూలు మల్టీమీటరు ప్రోబ్‌ల తీగలకే దానికంటే కొన్ని వందల రెట్లు నిరోధం ఉంటుంది. కేబుల్ బాగున్నా, దాని నిరోధం నలభై రెట్లు పెరిగినా, ఆ మీటరు ఒకటే అంకె చూపిస్తుంది. అదే కేబుల్ రెండు కొసల మధ్య, 150 ఆంపియర్లు పోతుండగా, వోల్టులు కొలిస్తే మంచి కేబుల్ 0.05 లోపే చూపిస్తుంది, చెడ్డది దాచలేదు.

రెండు సగాలనూ కలిపే కేబులూ, సోలెనాయిడ్ కాంటాక్టులూ, పాజిటివ్ వైపు కేబుల్ కలిపి 0.4 వోల్టులు తీసుకున్నాయి. అది ఆక్షేపించవలసినది కాదు. మిగిలిన 1.9 వోల్టులూ ఆరో బ్యాటరీ నెగటివ్ పోస్టుకూ కంట్రోలర్ నెగటివ్ టెర్మినల్‌కూ మధ్య పోతున్నాయి. ఇక్కడ ప్రోబ్ ఎక్కడ పెడతామన్నది ముఖ్యం. నట్టు మీదో కేబుల్ లగ్గు (కేబుల్ కొసకు బిగించిన రాగి రింగు) మీదో పెడితే జాయింటు కొలతలోకి రాదు, ప్రోబ్ మొనను బ్యాటరీ సీసపు పోస్టులోకే గుచ్చాలి. అలా గుచ్చి, రెండో మొనను ముందు లగ్గు మీద, తరువాత కేబుల్ రాగి తీగ మీద, చివరికి కంట్రోలర్ దగ్గర పెడుతూ పోతే, పోస్టుకూ లగ్గుకూ మధ్య 1.6 వోల్టులు, లగ్గును కేబుల్‌కు నొక్కి బిగించిన చోట (క్రింపింగ్‌లో) 0.25, మిగతా కేబుల్ అంతటికీ 0.05 అని తేలింది. 150 ఆంపియర్లతో 1.6 వోల్టులంటే ఆ ఒక్క జాయింటు దగ్గర 240 వాట్ల వేడి పుడుతోంది. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు తొమ్మిదో పదో ఒకేచోట పెట్టినట్టు. చేయి దగ్గరికి తీసుకెళ్తేనే తెలిసింది. పోస్టు చుట్టూ సీసం కొంచెం జారి మెత్తబడిన జాడ కూడా ఉంది.

నట్టు విప్పి చూస్తే కారణం కళ్లకు కట్టింది. సీసపు పోస్టు మీద మొదట రెండు సన్న తీగల రింగు టెర్మినళ్లు, వాటి మీద ఒక ఇనుప వాషరు, దాని మీద లావు కేబుల్ లగ్గు, ఆ పైన నట్టు. మోటారుకు పోయే మొత్తం కరెంటు సన్న రింగుల గుండా, తుప్పు పట్టిన వాషరు గుండా ఎక్కి పోవలసి వస్తోంది. లగ్గు ఎప్పుడూ సీసపు పోస్టుకు నేరుగా ఆనాలి. ఇంకేవైనా తగిలించాలంటే దాని పైనే. ఆ సన్న తీగలు పెట్టినవారికి ఈ వరస తెలియక కాదు, పైన పెట్టడానికి బోల్టు పొడవు చాలక కింద పెట్టి ఉంటారని నా ఊహ.

ఆ రెండు సన్న తీగలు ఎక్కడికి పోతున్నాయి?

ఈ ప్రశ్న అడగకుండా ఒక బ్యాటరీ, ఒక కేబుల్ మార్చి ఇచ్చేసినా బండి ఎక్కేది, బిల్లు వచ్చేది, ఏడాది తిరగకుండా అదే ఫోన్ మళ్లీ వచ్చేది. తీగల వెంట పోతే, ఒకటి పైకప్పు మీది ఎల్ఈడీ దీపాలకూ, హారన్‌కూ, పాటల పెట్టెకూ. రెండోది సీటు వెనక టేపుతో చుట్టిన జీపీఎస్ ట్రాకర్‌కూ పోతోంది. వాటి పాజిటివ్ తీగలు ఐదో బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద ఉన్నాయి. అంటే ఈ సామగ్రి అంతా 48 వోల్టుల నుంచి కాక, చివరి రెండు బ్యాటరీల 16 వోల్టుల నుంచే బతుకుతోంది. 12 వోల్టుల సామాను కాబట్టి దగ్గరలో ఉన్న వోల్టేజ్ చూసుకుని ఎవరో తగిలించారు. ఎల్ఈడీ పట్టీలు రెండుసార్లు కాలిపోయాయని ఎలక్ట్రీషియన్ చెప్పినప్పుడు దాని సంగతీ తేలిపోయింది.

కరెంటు కొలిస్తే ట్రాకర్ ఎప్పుడూ 0.2 ఆంపియర్లు, దీపాలూ పాటలూ కలిపి 3 ఆంపియర్లు తీసుకుంటున్నాయి. ట్రాకర్ రోజంతా ఉంటుంది కాబట్టి దానికి దాదాపు 5 ఆంపియర్ అవర్లు, దీపాలు సాయంత్రం నాలుగు గంటలనుకుంటే 12. కలిపి 17, అంటే చివరి రెండు బ్యాటరీలు తమ సామర్థ్యంలో పదో వంతును ప్రతిరోజూ మిగతా నాలుగింటికన్నా అదనంగా ఖర్చు చేస్తున్నాయి. ఛార్జర్‌కు ఆరూ ఒకటే. సిరీస్‌లో ఉన్న ఆరింటి గుండా ఒకే కరెంటు పోతుంది. మొదటి నాలుగు నిండి వోల్టేజ్ పైకి లేవగానే మొత్తం వోల్టేజ్ చూసి ఛార్జర్ పని ముగిస్తుంది. చివరి రెండింటికీ ప్రతిరాత్రీ కొంత బాకీ మిగులుతుంది. ఆ బాకీ నెలల తరబడి ఉండిపోతే ప్లేట్ల మీది సీసపు సల్ఫేటు గట్టిపడి, తరువాత ఎంత ఛార్జ్ చేసినా కరగదు.

ఇక్కడ నన్ను బాగా ఆలోచింపజేసిన విషయం ఒకటుంది. బ్యాటరీ నీళ్లు పోసే అబ్బాయిని ఏ బ్యాటరీకి ఎక్కువ నీళ్లు పడుతున్నాయని అడిగితే, "ముందటి నాలుగే సార్, ఎప్పుడూ తాగుతనే ఉంటయి. ఎనక రెండూ మంచిగున్నయి, నీళ్లే అడగవు" అన్నాడు. ఆ మాట పట్టుకునే లోగడ ఎవరో ముందటి నాలుగింటినీ మార్చాలని కూడా సలహా ఇచ్చారట. నిజం దానికి సరిగ్గా తలకిందులు. బ్యాటరీ నిండిన తరువాత కూడా ఛార్జింగ్ సాగితేనే నీరు విడిపోయి వాయువుగా పోతుంది. నీళ్లు తాగుతున్న నాలుగూ నిండుతున్నాయి, కొంచెం ఎక్కువగానే. నీళ్లు అడగని రెండూ నిండే దాకా ఎప్పుడూ చేరనే లేదు.

చేసిన పని

విప్పే ముందు టో-రన్ స్విచ్‌ను టో వైపు పెట్టి, కంట్రోలర్ లోపలి కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా కాసేపు ఆగి, ప్రధాన నెగటివ్ కేబుల్‌ను ముందుగా తీశాను. స్పానర్లకు పిడి నుంచి నోటి దాకా ఇన్సులేషన్ టేపు చుట్టుకోవడం, చేతి ఉంగరం, కడియం తీసి జేబులో వేసుకోవడం ఈ పనిలో తప్పనిసరి. మూతలు బిగించి, టెర్మినళ్లను వంటసోడా నీళ్లతో కడిగి, మంచినీళ్లతో శుభ్రం చేసి ఆరబెట్టాను.

నెగటివ్ కేబుల్‌ను, కలాయి పూసిన రాగి లగ్గులతో, హైడ్రాలిక్ క్రింపింగ్ చేసి కొత్తగా తయారు చేశాను. పాత కేబుల్ కొసను కోసి చూస్తే యాసిడ్ ఆవిరి తీగల పోగుల వెంట మూడు అంగుళాల దాకా పాకి రాగి ఆకుపచ్చగా మారిపోయింది. ఆ 0.25 వోల్టుల లెక్క అక్కడిది. లగ్గును సీసపు పోస్టు మీద నేరుగా పెట్టి, టార్క్ స్పానర్‌తో 11 న్యూటన్ మీటర్ల దగ్గర బిగించాను. సీసం మెత్తటిది, బలముంది కదా అని బిగిస్తే పోస్టు జారి, కొన్నాళ్లకు జాయింటు తిరిగి వదులవుతుంది.

ఐదు, ఆరు బ్యాటరీలను సెట్టు నుంచి విడదీసి, కరెంటును 8 ఆంపియర్లకు పరిమితం చేసిన బెంచ్ పవర్ సప్లైతో ఒక్కొక్కటి విడిగా ఛార్జ్ చేశాను. ముందు 9.8 వోల్టుల దాకా, ఆ తరువాత గ్రావిటీ ప్రతి గంటకూ చూసుకుంటూ 10.8 దాకా. రెండు రోజులకు ఐదోది 1.265కు చేరింది. ఆరో దానిలో మూడు సెల్‌లు 1.250కి వచ్చాయి గానీ నాలుగో సెల్ 1.170 దగ్గరే ఆగిపోయి, ఎంతసేపటికీ కదలలేదు. దాన్ని పక్కన పెట్టక తప్పలేదు.

"ఒక్కటే కొత్తది వేస్తే సరిపోదా?" అని మేనేజర్ అడిగారు. సరిపోతుంది, కొన్నాళ్లు. రెండున్నరేళ్లు వాడిన ఐదింటి మధ్య కొత్తదొకటి పెడితే, దాని సామర్థ్యం ఎక్కువ కావడం వల్ల ఛార్జింగ్‌లో అది మిగతా వాటితో కలిసి నిండదు, కొద్దికాలంలోనే పాతవాటి దారిలోకి లాగబడుతుంది. ఆరూ మార్చడం ఆదర్శం. కానీ ఐదు బాగున్నప్పుడు ఆ ఖర్చు పెట్టించడం నాకు న్యాయంగా తోచలేదు. అదే రిసార్టులో ప్రమాదంలో ముందు భాగం దెబ్బతిని మూలన పడిన బండి ఒకటుంది. దానిలోని ఆరింటినీ ఛార్జ్ చేసి, బరువు పెట్టి చూసి, దాదాపు అదే వయసున్న మంచి బ్యాటరీ ఒకదాన్ని ఎంచి ఆరో స్థానంలో పెట్టాను.

దీపాలు, హారన్, పాటల పెట్టె కోసం 48 వోల్టులను 12 వోల్టులుగా మార్చే డీసీ టు డీసీ కన్వర్టర్‌ను మొత్తం ఆరు బ్యాటరీల మీద, 48 వోల్టుల వైపు 5 ఆంపియర్ల ఫ్యూజుతో, తాళం తీస్తే ఆగిపోయేలా రిలేతో అమర్చాను. ట్రాకర్ 9 నుంచి 90 వోల్టుల దాకా తట్టుకుంటుందని దాని మీదే అచ్చువేసి ఉంది కాబట్టి, చిన్న ఫ్యూజుతో దాన్నీ మొత్తం సెట్టు మీదికి మార్చాను. ఇప్పుడు ఏ సామాను ఎంత తీసుకున్నా ఆరూ సమానంగా ఇస్తాయి.

అదే ఎత్తు, అదే బరువు, అదే మధ్యాహ్నం ఎండ. ఆరో ట్రిప్పులో పైకి చేరేటప్పుడు సెట్టు వోల్టేజ్ 45.5, కంట్రోలర్ దగ్గర 45.1. బ్యాటరీలన్నీ 7.5కు పైనే నిలిచాయి. 38 వోల్టుల హద్దును నేను కదపలేదు. దాన్ని తగ్గిస్తే బండి ఆగకపోవచ్చని ముందు ఒకరు సలహా ఇచ్చారట. అలా చేసి ఉంటే ఆరో బ్యాటరీతో పాటు ఐదోది కూడా చచ్చేది.

స్టోరు గదిలో "చెడిపోయింది" అని చీటీ అంటించి పెట్టిన పాత కంట్రోలర్‌ను రెండో నంబరు బండిలో పెట్టి రోజంతా నడిపించాను, ఏ లోపమూ చూపలేదు. తీసివేసిన సోలెనాయిడ్ కాంటాక్టుల మధ్య కూడా వోల్టేజ్ పోవడం లేదు. రెండింటినీ విడి భాగాలుగా దాచుకోమని చెప్పాను.

మిగతా బళ్లనూ చూశాను. ఏడింట్లో మరో మూడు బళ్లలో దీపాలు ఇదే పద్ధతిలో, చివరి రెండు బ్యాటరీల మీదే ఉన్నాయి. అన్నింట్లోనూ ఆ రెండూ మిగతావాటికన్నా రెండు మూడు పదుల మిల్లీవోల్టుల నుంచి రెండు వందల మిల్లీవోల్టుల దాకా వెనకబడి ఉన్నాయి. వాటిలో రెండింటిని విడి ఛార్జింగ్‌తో దారికి తెచ్చాను. మూడో బండిలో గ్రావిటీ ఇంకా 1.240 దాటలేదు, ఎత్తు మీదికి మాత్రం పంపకుండా, చదును దారిలో వాడుతూ వారానికోసారి విడిగా ఛార్జ్ చేస్తున్నారు. ప్రతి బండికీ ఒక నోటుపుస్తకం పెట్టించి, నెలకోసారి ఆరు వోల్టేజ్‌లూ ఆరు గ్రావిటీలూ విడివిడిగా, నీళ్లు ఏ బ్యాటరీకి ఎన్ని పోశారన్నది కూడా రాయమన్నాను. ఆగస్టులో వెళ్లి చూసినప్పుడు నాలుగో నంబరు బండి పుస్తకంలో ఆరు బ్యాటరీలకూ పోసిన నీళ్లు దాదాపు సమానంగా ఉన్నాయి.